పాత యంత్రమునకు క్రొత్త మెదడు

యంత్రము పాతబడినదన్నచో దానిలోని భాగములన్నియు ఒకేసారి పాతబడినవని అర్థము కాదు. శరీరము గట్టిగనే యుండి, ఆజ్ఞలిచ్చు భాగము మాత్రము కాలమునకు వెనుకబడుట తరచుగా జరుగును. అట్టి సమయమున యంత్రమునంతను పారవేయవలెనా, లేక ఆ ఒక్క భాగమును మార్చిన చాలునా? మగ్గము నమ్ముకొన్న నేతగానికైనను, కొద్దిపాటి నిధులతో పాఠశాల కంప్యూటర్లను నడుపుకొను ఉపాధ్యాయునికైనను ఇది డబ్బుతో ముడిపడిన ప్రశ్నయే.

మగ్గము చెప్పు పాఠము

శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురము పట్టుగూళ్ళ బజారునకును, ధర్మవరము పట్టుచీరెల నేతకును పేరొందినవి. పెనుకొండ మీదుగా పోవు రైలుమార్గము ఈ రెండు పట్టణములను కలుపుచున్నది. ధర్మవరములో జాకార్డు అమర్చిన గుంటమగ్గమును చూచినచో, దాని పైభాగమున రంధ్రములు పొడిచిన అట్టలు గొలుసువలె వ్రేలాడుచుండును. చీరె అంచునకు, కొంగునకు కావలసిన ఆజ్ఞలన్నియు ఆ రంధ్రములలోనే కలవు.

ఈ యంత్రమును ఫ్రాన్సు దేశీయుడైన జోసెఫ్ మేరీ జాకార్డు 1804లో రూపొందించెను. అట్టలో రంధ్రమున్న చోట సూది అందులోనికి దూరును. అప్పుడు సూదికి సంబంధించిన కొక్కెము తన చోటనే నిలిచి, పైకి లేచు కత్తికి తగులుకొని పడుగు పోగును ఎత్తును. రంధ్రము లేని చోట అట్ట సూదిని వెనుకకు నెట్టును. కొక్కెము కత్తికి అందదు. పోగు క్రిందనే యుండును. ప్రతి స్థానమునందును 'ఎత్తుము', 'ఎత్తవలదు' అను రెంటిలో ఒక్కటే ఆజ్ఞ. 1830లలో ఛార్లెస్ బాబేజి తన గణనయంత్ర ప్రణాళికలో ఇట్టి అట్టలనే చేర్చెను. కంప్యూటరు లెక్కించు 1, 0లకు మగ్గమునందు ఇట్లొక పూర్వరూపము కలదు.

ఎలక్ట్రానిక్ జాకార్డులో అట్టలు లేవు. నమూనా స్మృతిలో నుండును. విద్యుదయస్కాంతములు కొక్కెములను ఎన్నుకొనును. క్రింద మగ్గము, పన్నె, నాడె పాతవే. కొక్కెములనుండి పడుగునకు దిగు దారములే క్రొత్త తలకును పాత మొండెమునకును నడిమి సంధి. కొక్కెముల సంఖ్య ఆ దారములకు సరిపడనిచో, ఎంత మంచి తలయైనను ఆ మగ్గమునకు పనికిరాదు.

నడుమ నిలిచిన అడాప్టరు

కంప్యూటరులో ఆజ్ఞలను నెరవేర్చు భాగము ప్రాసెసరు. అది మదర్‌బోర్డుపై నుండు సాకెట్టులో కూర్చుండును. క్రొత్త ప్రాసెసరు పాత సాకెట్టునకు సరిపడనపుడు, రెంటి నడుమ ఉంచు చిన్న పలకయే సాకెట్టు అడాప్టరు. ఇది మూడు విషయములను చక్కబరచవలెను.

మొదటిది ఆకారము. 1997లో వచ్చిన పెంటియం 2 ప్రాసెసరు ఒక అట్టవంటి పలకపై నుండి, 242 స్పర్శలు గల 'స్లాట్ 1'లో నిలువుగా దిగెడిది. 1999లో ఇంటెల్ కంపెనీ సెలెరాన్ ప్రాసెసరును 370 పిన్నుల సాకెట్టునకు అనుకూలముగా తెచ్చెను. ఒక ప్రక్క సాకెట్టును, మరియొక ప్రక్క స్లాటులో దిగు అంచును గల అడాప్టరుతో దానిని పాత బోర్డులోనికి చేర్చగలిగిరి.

రెండవది విద్యుత్తు. పాత 486 బోర్డులు పెక్కు 5 వోల్టులు మాత్రమే ఇచ్చెడివి. 1995లో ఎ.ఎం.డి. కంపెనీ తెచ్చిన 5ఎక్స్86 ప్రాసెసరునకు 3.45 వోల్టులు చాలును. ఇతరములు మారనిచో ప్రాసెసరు వేడి వోల్టేజి వర్గమును బట్టి పెరుగును. 5ను 3.45తో భాగించి వర్గము చేసినచో 2.1 వచ్చును, అనగా నేరుగా కూర్చుండబెట్టినచో వేడి రెండింతలు దాటును, ప్రాసెసరు చెడును. అందుచేత అడాప్టరులోనే వోల్టేజిని తగ్గించు సాధనము నుంచిరి.

మూడవది వేగము. ఆ బోర్డు సెకనుకు 3 కోట్ల 30 లక్షల స్పందనలు, అనగా 33 మెగాహెర్ట్జ్, ఇచ్చుచుండగా, ప్రాసెసరు వానిని లోపల నాలుగింతలు చేసికొని 133 మెగాహెర్ట్జ్‌తో పనిచేయును.

అడాప్టరు తీర్చలేని లోటు ఒకటి కలదు. కంప్యూటరు మేల్కొనగనే నడచు బయోస్ అను కార్యక్రమము క్రొత్త ప్రాసెసరును గుర్తింపవలెను. దానికి తెలియని ప్రాసెసరును అమర్చినచో యంత్రము కదలకపోవచ్చును, లేదా సగము శక్తితోనే నడువవచ్చును. ముందు బయోస్‌ను సవరింపవలెను.

నాలుగింతల వేగము నిజమేనా?

ఒక పనికి 100 సెకనులు పట్టుచున్నదనుకొందము. అందులో 60 సెకనులు ప్రాసెసరు లెక్కలకు, 40 సెకనులు డిస్కు కొరకు వేచియుండుటకు పోవుచున్నవి. ప్రాసెసరు నాలుగింతలు వేగవంతమైనచో 60 కాస్తా 15 అగును. డిస్కు 40 సెకనులు మారదు. మొత్తము 55. వేగము నాలుగింతలు కాలేదు, సుమారు 1.8 రెట్లు మాత్రమే అయినది. 1967లో జీన్ ఆమ్‌డాల్ ఎత్తిచూపిన సూత్రసారమిదియే. మగ్గమునందును అంతే. ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చినచో క్రొత్త నమూనాకు అట్టలు పొడిచి కుట్టు శ్రమ తప్పును. కాని పేకను నడుపు నాడెను చేతితో విసరు నేతగాని వేగము దానితో పెరుగదు.

కనుక ఖర్చునకు ముందు యంత్రము ఎక్కడ ఆగుచున్నదో చూడవలెను. నేటి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసరును బోర్డునకే అతికించుచున్నారు. అక్కడ అడాప్టరునకు తావు లేదు. పాఠశాలలోని పాత కంప్యూటరు డిస్కు కొరకు వేచియున్నచో, తిరుగు డిస్కును తీసి ఎస్.ఎస్.డి. అమర్చుట, స్మృతి చాలనిచో దానిని పెంచుట మేలు. లెక్కలే ఆలస్యమగుచున్న చోట మాత్రము ప్రాసెసరు మార్పును తలపెట్టవలెను. ఇందుకు మంచి కొలత గడియారమే. తరగతిలో రోజూ చేయు పనికి పట్టు కాలమును విద్యార్థులు వ్రాసికొని, అందులో ఏ భాగము ఎంత తినుచున్నదో విడదీసి చూచినచో, మార్చవలసిన దేదో వారికే తెలియును.