ఉపకార వేతన పరీక్ష: మార్కులను పోల్చవలసిన తీరు



వానాకాలపు వరి పొట్టకు వచ్చు దినములలో మన బుగ్గారం ప్రాంతపు పాఠశాలలయందు ఎనిమిదవ తరగతి బాలబాలికలు ఒక పరీక్షను గూర్చి మాటలాడుకొనుట మొదలిడుదురు. మాదిరి ప్రశ్నపత్రములు వ్రాసి, "నీకెన్ని వచ్చినవి? నాకు వేతనము వచ్చునా?" అని ఒకరి నొకరు అడుగుకొందురు. ఆ మాటలు ఇంటికిని వచ్చును. తక్కువ మార్కులు వచ్చిన బిడ్డను "నీ వలన కాదు" అని తండ్రి దరఖాస్తు పెట్టనీయకుండుటయు, ఎక్కువ వచ్చిన బిడ్డ ఇక తనకు తిరుగులేదని పుస్తకము మూసివేయుటయు, ఈ రెండును నష్టము కలిగించునవే. కావున ఆ మార్కులను ఎట్లు చూడవలెనో ఇచ్చట వివరించుచున్నాను.

పరీక్ష యెట్టిది?

దీనిని నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్పు పరీక్ష యందురు. కేంద్ర ప్రభుత్వము దీనిని 2008లో ప్రారంభించినది. పేదరికము వలన బిడ్డలు ఎనిమిదవ తరగతితో చదువు మానకుండుటయే దీని యుద్దేశము. దేశమంతటికి ఏటేట ఒక లక్ష వేతనములు ఏర్పరచిరి. అందు మన తెలంగాణ భాగము 2,921. ఎన్నికైన బిడ్డకు తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరము వరకు సంవత్సరమునకు 12,000 రూపాయలు ముట్టును. 2017 ఏప్రిలుకు పూర్వము ఇది 6,000 మాత్రమే. నాలుగేండ్లకు కలిపి 48,000 రూపాయలు. చిన్న రైతు ఇంట ఆడబిడ్డ చదువు పదవ తరగతితో ఆగుటయో, ముందునకు సాగుటయో నిర్ణయించుటకు ఈ మొత్తము చాలును.

ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, ఎయిడెడు పాఠశాలల బిడ్డలే ఇందుకు అర్హులు. ఏడవ తరగతిలో నూటికి 55 మార్కులు వచ్చియుండవలెను. షెడ్యూల్డు కులముల, తెగల బిడ్డలకు 50 చాలును. తల్లిదండ్రుల ఆదాయము అన్ని మార్గములవి కలిపి సంవత్సరమునకు మూడున్నర లక్షల రూపాయలకు మించరాదు. తండ్రి గల్ఫు దేశమున పనిచేయుచున్నచో ఆ సంపాదనను కూడ లెక్కలో చేర్చవలెను.

మార్కుల లెక్క

పరీక్షలో రెండు భాగములు గలవు. మొదటిది మేధాశక్తిని పరీక్షించునది, 90 ప్రశ్నలు. రెండవది పాఠ్యాంశములకు సంబంధించినది. ఇదియు 90 ప్రశ్నలు. అందు సామాన్యశాస్త్రమునకు 35, సాంఘికశాస్త్రమునకు 35, గణితమునకు 20. ఒక్కొక్క ప్రశ్నకు ఒక మార్కు. ఒక్కొక్క భాగమునకు 90 నిమిషముల కాలము.

రెండు భాగములు కలిపి నూటికి 40, అనగా 180కి 72 మార్కులు వచ్చినవారు అర్హత పొందుదురు. షెడ్యూల్డు కులముల, తెగల వారికి నూటికి 32. పలువురు పొరబడునది ఇచ్చటనే. 72 వచ్చిన మాత్రమున వేతనము వచ్చినట్లు కాదు. కొనుగోలు కేంద్రమున వడ్ల తేమ నూటికి 17 లోపల నుండవలెనని నియమము కలదు గదా. తేమ తగ్గినంతనే రూకలు చేతికి రావు. వడ్లు కాంటా యెక్కుటకు మాత్రము అడ్డు తొలగును. అర్హత మార్కు అట్టిదే. అర్హులైన వారిలో ఎక్కువ మార్కులు వచ్చినవారిని వరుసగా నిలిపి, జిల్లాల వారీగాను, రిజర్వేషను వర్గముల వారీగాను, ఉన్న వేతనముల మేరకు ఎన్నుకొందురు.

ఎవరితో పోల్చవలెను?

తరి పొలములో పండిన వడ్లను చెల్కలో పండిన మక్కజొన్నలతో పోల్చి, ఏ రైతు మేలైన సేద్యగాడని తీర్పు చెప్పువారు లేరు. ఒకే నేల, ఒకే విత్తనము, ఒకే నీరు ఉన్న మడులను పోల్చినప్పుడే ఎరువు గుణము తెలియును. మార్కులకును ఇదియే న్యాయము.

మొదటిది: నిజామాబాదు జిల్లాలోని మేనమామ కొడుకు మార్కులతో జగిత్యాల జిల్లాలోని మన బిడ్డ మార్కులను పోల్చి ప్రయోజనము లేదు. వారి పోటీ వేరు, మన పోటీ వేరు. ఒక జిల్లాలో వేతనము తెచ్చిన మార్కు వేరొక జిల్లాలో చాలకపోవచ్చును.

రెండవది: గత సంవత్సరము ఇన్ని మార్కులకు వచ్చినదని ఈ సంవత్సరము ధీమా పడరాదు. ప్రశ్నపత్రము కఠినమైన యేట చివరగా ఎన్నికైనవారి మార్కు తగ్గును. సులభమైన యేట పెరుగును.

మూడవది: గడియారము పెట్టుకొని వ్రాసిన బిడ్డకును, తీరికగా పుస్తకము చూచుచు వ్రాసిన బిడ్డకును వచ్చిన మార్కులు ఒక్క తూకపు రాళ్లతో తూచినవి కావు. 90 నిమిషములలో 90 ప్రశ్నలనగా ఒక్కొక్క దానికి ఒక్క నిమిషమే. కావున మాదిరి పత్రములను అందరును ఒకే వేళ, ఒకే కాలపరిమితిలో వ్రాయవలెను.

అన్నిటికంటె మేలైనది, బిడ్డ తన మార్కులను తన పూర్వపు మార్కులతోనే పోల్చుకొనుట. ఒక నోటుపుస్తకమున ప్రతి వారమును మేధాశక్తికి, గణితమునకు, సామాన్యమునకు, సాంఘికమునకు వేర్వేరుగా మార్కులు వ్రాసికొనవలెను. మొత్తము 80 అని మాత్రము వ్రాసినచో లోపము ఎచ్చటనో తెలియదు. సాంఘికమున 35కి 12 మాత్రమే వచ్చుచున్నచో ఆ మడికే నీరు పెట్టవలెనని అప్పుడు తెలియును.

మేధాశక్తి భాగము మొత్తము మార్కులలో సగము. సంఖ్యల వరుసలు, బొమ్మల పోలికలు, అక్షరముల సంకేతములు మున్నగు ఈ ప్రశ్నలు బడి పాఠములలో అంతగా రావు. కావున తరగతిలో మొదటివాడు కూడ ఇందు వెనుకబడవచ్చును; నడిమి వరుస బిడ్డ రెండు మూడు మాసముల అభ్యాసముతో ముందునకు రావచ్చును. మొదటి మాదిరి పరీక్షలో తక్కువ వచ్చినదని దరఖాస్తు మానిపించుట తగదనుటకు ఇదియే ముఖ్యకారణము.

ఇంకొక మాట. తప్పు సమాధానమునకు మార్కులు తీసివేయరు. ప్రతి ప్రశ్నకు నాలుగు సమాధానములు చూపుదురు. తెలియని ప్రశ్నలు 20 మిగిలినచో, వానిని ఖాళీగా విడిచిన వచ్చునది సున్న. ఊహించి గుర్తించిన సగటున 5 రావచ్చును. ఒకటి రెండు మార్కులకే వరుసలో పలువురు అటునిటగుదురు గనుక ఏ ప్రశ్నను విడువరాదు.

ఎన్నికైన తరువాత

పంట కోసిన తరువాత కల్లములో తడిసినచో శ్రమయంతయు వ్యర్థమగును. అట్లే జాబితాలో పేరు వచ్చిన తరువాత కూడ వేతనము చేజారుట కలదు. బిడ్డ పేర జాతీయ స్కాలర్‌షిప్పు పోర్టలులో వివరములు నమోదు చేయవలెను. ఏటేట తిరిగి నవీకరించవలెను. సొమ్ము నేరుగా బిడ్డ బ్యాంకు ఖాతాలో పడును గనుక ఖాతాకు ఆధారు జతచేసి యుండవలెను. బడి రికార్డులోను, ఆధారులోను, ఖాతాలోను పేరు ఒక్క తీరున నుండవలెను. ఎనిమిదవ తరగతిలో నూటికి 55, పదవ తరగతిలో 60 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఐదేసి తక్కువ.

బిడ్డను ప్రైవేటు బడికో, ప్రైవేటు జూనియరు కళాశాలకో మార్చినచో వేతనము ఆగును. వసతిగల గురుకులమున చేర్చినను రాదు. గురుకులమున భోజన వసతులు ఉచితముగా లభించును గనుక అది మేలని తోచిన చేర్చవచ్చును. కాని రెండును దక్కునని యెంచి నిర్ణయింపరాదు.

ఇప్పుడు చేయవలసినది

ఇటీవలి యేండ్లలో ఈ పరీక్ష నవంబరు, డిసెంబరు మాసములలో జరుగుచున్నది. దరఖాస్తుల గడువు అంతకు ముందే తీరును. అది మనకు కోతల వేళ, వడ్ల కుప్పలయొద్ద కావలి యుండు వేళ. అప్పుడు ఆదాయ పత్రమునకై తిరుగుట కష్టము. కావున నాట్లు ముగిసినంతనే మీసేవలో ఆదాయ, కుల ధ్రువపత్రములకు దరఖాస్తు చేసికొనుడు. ప్రధానోపాధ్యాయుని కలిసి ఆ యేటి ప్రకటనను, గడువును అడిగి తెలిసికొనుడు. చదువురాని పొరుగువారికి కూడ ఈ సంగతి చదివి వినిపించుడు. కోతలకును, పసుపు పనులకును ఎనిమిదవ తరగతి బిడ్డను బడి మాన్పింపకుడు. ఇంట రాత్రివేళ ఒక గంట దీపము క్రింద నిశ్శబ్దముగా కూర్చుండనిచ్చి, వారము వారము ఆ నోటుపుస్తకమును చూపుమని అడుగుడు.