ట్రిగ్గర్ మార్చాలా? వేలు మార్చుకోవాలా?

రెండు వారాలుగా మా వంటింటి గట్టు మీద ఓ చిన్న అట్టపెట్టె అలాగే ఉంది. లోపల అరచేతిలో పట్టేంత సామాను: ఎర్రరంగు అల్యూమినియం ట్రిగ్గర్ ఒకటి, వంకరగా ఉన్న చిన్న ఇనుప రేకు ఒకటి, రెండు స్ప్రింగులు. ధర 160 డాలర్లు. మా ఆవిడ దాన్ని రోజూ పక్కకు జరిపి ఉల్లిపాయలు తరుగుతుంది, మళ్లీ అక్కడే పెడుతుంది. చివరికి ఒకరోజు అడిగేసింది.

"ఇది బిగిస్తావా, వెనక్కి పంపిస్తావా? రిటర్న్ డేట్ దాటిపోతుంది, చూసుకో."

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్న కథే ఇది.

నేను టెక్సస్‌లో, డాలస్ శివారులో ఉంటాను. వయసు 28. పగలంతా బ్యాకెండ్ కోడ్ రాస్తాను. మా పెద్దత్త స్పాన్సర్ చేసిన ఫ్యామిలీ వీసా ఏళ్లతరబడి క్యూలో నానీ నానీ, నా ఇంటర్ పూర్తయ్యేసరికి ఇంటిల్లిపాదికీ వచ్చింది. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే ఇంజినీరింగ్ చదివాను. ఇప్పుడు పౌరసత్వం ఉంది కాబట్టి నేను తుపాకీ కొనడం చట్టబద్ధమే.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధించింది. వేట లైసెన్సు ఉండటం లాంటి మినహాయింపులు కొన్నే. ఫ్రెండ్ రేంజ్‌కి తీసుకెళ్లాడు కదా అని చేతిలో పట్టుకుని రీల్ చేసినా చిక్కుల్లో పడొచ్చు. వీసా పోగొట్టుకునేంత సరదా కాదది.

అసలు గన్ ఎందుకు?

నాన్న ఇక్కడికి వచ్చిన కొత్తలో ఓ గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో రాత్రి షిఫ్టు చేసేవారు. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి ఓ కుర్రాడు లోపలికొచ్చి పిస్టల్ గురిపెట్టాడు. నాన్న గల్లాపెట్టె తెరిచి ఉన్నదంతా ఇచ్చేశారు. వాడు వెళ్లిపోయాడు. నాన్న పోలీసులకు స్టేట్‌మెంట్ ఇచ్చి, ఇంటికొచ్చి, కాఫీ తాగాక అప్పుడు చెప్పారు అమ్మకి. పక్క గదిలోంచి విన్నాను. ఆ రోజు నుంచి నా బుర్రలో ఒకటే: నా దగ్గర ఒకటి ఉండాలి.

మూడేళ్ల క్రితం గ్లాక్ 19 కొన్నాను. 1988లో వచ్చిన మోడల్ ఇది. ఖాళీగా ఉంటే బరువు సుమారు 600 గ్రాములు. నడుం దగ్గర, ప్యాంటు లోపలివైపు హోల్‌స్టర్‌లో పెట్టుకుంటే చొక్కా కింద కనబడదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు దాటి, చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. నేను మాత్రం క్లాసుకెళ్లి లైసెన్సు తీసుకున్నాను. చట్టం ఏం చెబుతుందో తెలియకుండా అంత బరువు నడుముకు కట్టుకోవడం నాకు నచ్చలేదు.

ట్రిగ్గర్‌లో ఏముంది?

బైక్ ఫ్రంట్ బ్రేక్ గుర్తు తెచ్చుకోండి. లీవర్ లాగితే ముందు కాస్త లూజుగా వస్తుంది. తర్వాత గట్టిపడుతుంది. ఇంకాస్త నొక్కితే బ్రేక్ పడుతుంది. ట్రిగ్గర్ కూడా అంతే. మొదట లూజు. తర్వాత వేలికి అడ్డం తగిలే చోటు ఒకటుంది, దాన్ని ఇక్కడ అందరూ 'గోడ' అంటారు. గోడ దాటితే గన్ పేలుతుంది. వేలు ముందుకు వదులుతుంటే మళ్లీ 'టిక్' మని సిద్ధమవుతుంది, అది రీసెట్.

గ్లాక్‌కి పక్కన బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట ఉండదు. లోపల మూడు సేఫ్టీలుంటాయిగానీ, ట్రిగ్గర్‌ని పూర్తిగా లాగితే మూడూ వరసగా తొలగిపోతాయి. అలా డిజైన్ చేశారు. అంటే ఆ లాగుడు బరువు, ఆ లాగుడు దూరం, ఇవే నాకూ తూటాకూ మధ్య ఉన్న అసలు అడ్డుగోడ.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్రిగ్గర్ లాగడానికి సుమారు ఐదున్నర పౌండ్ల బలం కావాలి. అంటే రెండున్నర కిలోలు. నేను కొన్న కిట్ దాన్ని మూడున్నర పౌండ్లకు, అంటే దాదాపు 1.6 కిలోలకు తగ్గిస్తుందని పెట్టె మీద రాసుంది. దూరమూ తగ్గుతుంది. యూట్యూబ్‌లో దాన్ని బిగించినవాళ్లంతా 'వెన్నలా ఉంది' అంటున్నారు. నా తూటాలేమో టార్గెట్ మధ్యలో కాకుండా ఎప్పుడూ ఎడమవైపు కిందకి పడుతున్నాయి. ట్రిగ్గర్ గట్టిగా ఉండబట్టే ఇలా అనుకున్నాను. బటన్ నొక్కేశాను. పార్సిల్ వచ్చింది.

ముందు కొలుద్దాం అనుకున్నా

ఆఫీసులో జూనియర్లకు నేను రోజూ చెప్పే మాట ఒకటుంది. కోడ్ స్లోగా ఉందని గుడ్డిగా మార్చకండి, ఎక్కడ స్లోగా ఉందో ముందు కొలవండి. పెట్టె విప్పబోతుంటే నా మాట నాకే గుర్తొచ్చింది.

మొదటి పరీక్ష ఇంట్లో. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, గన్ ఖాళీ అని కళ్లతో, వేలితో రెండుసార్లు చూసుకుని, గట్టి గోడవైపు గురిపెట్టి, స్లైడ్ ముందు కొనమీద ఓ నాణెం నిలబెట్టాను. ట్రిగ్గర్ లాగినా నాణెం పడకూడదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు పడలేదు. అంటే ఐదున్నర పౌండ్ల ట్రిగ్గర్‌ని గన్ కదలకుండా లాగడం నాకొచ్చు. మరి రేంజ్‌లో ఏమవుతోంది?

రెండో పరీక్ష రేంజ్‌లో. మా ఇన్‌స్ట్రక్టర్ రిటైరైన పోలీసు. నా మ్యాగజైన్‌లో నాకు తెలియకుండా అసలు తూటాల మధ్య రెండు డమ్మీ తూటాలు కలిపి ఇచ్చాడు. ఢాం, ఢాం, ఢాం... నాలుగోది డమ్మీ. శబ్దం లేదు. కానీ గన్ మూతి మాత్రం ఠక్కున కిందికి వంగింది! పేలుతుందన్న ఊహకే నా మణికట్టు ముందే బెదిరి కిందికి తోసేస్తోందన్నమాట. కుడిచేతివాటం వాళ్లకు తూటాలు ఎడమ కిందకి పడటానికి చాలాసార్లు కారణం ఇదేనట. తర్వాత అదే గన్‌తో ఆయన ఐదు తూటాలు కాల్చాడు. ఐదూ కలిపి ఓ బిస్కెట్ కింద దాచేయొచ్చు.

"నీ ట్రిగ్గర్‌లో నాకు తప్పేమీ కనబడలేదు," అన్నాడు గన్ తిరిగిస్తూ.

ఫోన్‌లో దొరికిపోయిన వేలు

మూడో పరీక్ష నేను పెట్టుకున్నది కాదు. అదే వచ్చి పడింది.

శనివారం క్లాసులో ఓ డ్రిల్. వెనక్కి అడుగేస్తూ గన్ తీయాలి. అదే క్షణంలో ఎదురుగా ఓ బొమ్మ తిరుగుతుంది. దాని చేతిలో గన్ ఉంటే కాల్చాలి, లేకపోతే ఆగాలి. నా వంతులో తిరిగిన బొమ్మ చేతిలో ఉన్నది సెల్‌ఫోన్. నేను కాల్చలేదు. లోలోపల భుజం తట్టుకున్నాను. పక్కనున్నతను నా ఫోన్‌తోనే స్లో మోషన్‌లో తీసిన వీడియో చూసేదాకా.

బొమ్మ పూర్తిగా తిరగకముందే నా వేలు ట్రిగ్గర్ మీద ఉంది. మీద ఉండటమే కాదు, లూజంతా లాగేసి గోడ దగ్గర ఆగింది. వేలు బయటే, నిటారుగా ఉందని నేను ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. దానికి ముందు మూడేళ్లుగా 'గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి రాకూడదు' అన్న రూలు వల్లిస్తున్నవాణ్ణే. అయినా నా వేలు ఎప్పుడు లోపలికెళ్లిందో నాకు తెలియలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదవడం మొదలుపెట్టాను. కండరాల మీద పరిశోధన చేసిన రోజర్ ఎనోకా అనే శాస్త్రవేత్త, వేలు తనకు తెలియకుండా బిగుసుకునే సందర్భాలు మూడు చెబుతాడు. కాలు తడబడినప్పుడు, ఉలిక్కిపడినప్పుడు, రెండో చెయ్యి దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడు. నేను వెనక్కి నడుస్తున్నాను, ఉలిక్కిపడ్డాను. మూడింటిలో రెండు అక్కడే ఉన్నాయి. ఆ రోజు నా గన్‌లో ఉన్నది మూడున్నర పౌండ్ల ట్రిగ్గర్ అయ్యుంటే? గోడ దగ్గర ఆగేదా?

మరీ బరువైతే మంచిదా?

అలాగని ట్రిగ్గర్ ఎంత గట్టిగా ఉంటే అంత క్షేమం అనుకోవద్దు. న్యూయార్క్ పోలీసులు పొరపాటు కాల్పులు తగ్గుతాయని ఏళ్లపాటు 12 పౌండ్ల ట్రిగ్గర్లు వాడారు. అంటే అయిదున్నర కిలోల లాగుడు. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ దగ్గర ఓ హంతకుడి మీద ఇద్దరు పోలీసులు 16 తూటాలు కాల్చితే, దారినపోయే తొమ్మిది మంది గాయపడ్డారు. అంత బరువైన ట్రిగ్గర్‌తో గురి నిలుస్తుందా అన్న చర్చ అప్పుడు గట్టిగా జరిగింది. 2021లో కొత్తగా చేరేవాళ్లకు సుమారు ఐదు పౌండ్లకు తగ్గించారు. నా గన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బరువు ఇంచుమించు అదే.

ఇంకో విషయం. ట్రిగ్గర్ అంటే ఒక్క ముక్క కాదు, ఒకదానికొకటి లెక్క కుదిర్చిన వ్యవస్థ. 2017లో సిగ్ కంపెనీ పి320 పిస్టల్ కొన్ని కోణాల్లో కింద పడితే పేలవచ్చని పరీక్షల్లో తేలింది. కంపెనీ చేసిన మార్పుల్లో ఒకటి, ట్రిగ్గర్ ముక్కనే తేలిక చేయడం. ఆ ముక్క సొంత బరువు కూడా లెక్కలోకొస్తుందన్నమాట. అలాగే, మెత్తటి స్ప్రింగులు వేస్తే ఒక్కోసారి తూటా వెనక దెబ్బ చాలక అది పేలదు. ఇంజినీర్లు వేలసార్లు పరీక్షించిన లెక్కను నేను వంటింటి గట్టు మీద స్క్రూడ్రైవర్‌తో మారుద్దామనుకున్నాను!

తేలిక ట్రిగ్గర్ తప్పు అనడం లేదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ బరువు కనీసం ఒక కిలో ఉంటే చాలు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి అరకిలో. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ రెండింటిలోనూ తను వ్యక్తిగత రజతాలు గెలిచింది. కానీ అక్కడ గన్ ఎప్పుడూ టార్గెట్ వైపే చూస్తుంది. నాది నా తొడవైపు చూస్తుంది. హోల్‌స్టర్‌లో తిరిగి పెట్టేటప్పుడు చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ సందులో ఇరుక్కుని పేలిన సంఘటనలు ఉన్నాయి.

కోర్టు సంగతి సరేసరి. ఆత్మరక్షణ కోసమే కాల్చినా, 'ఇతను ముట్టుకుంటే పేలేలా గన్ మార్పించుకున్నాడు' అని అవతలి లాయర్ అంటే జ్యూరీకి నేనేం చెప్పుకోవాలి? వెంట తిప్పుకునే గన్‌కి మరీ తేలిక ట్రిగ్గర్ వద్దని మసాద్ అయూబ్ లాంటి శిక్షకులు దశాబ్దాలుగా ఇందుకే హెచ్చరిస్తున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం, మా పాపకు రెండేళ్లు. కనబడిన ప్రతి మీటా నొక్కుతుంది. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు పెట్టొచ్చు. కేసు సంగతి పక్కనపెట్టండి. ఏ ట్రిగ్గరైనా పిల్లలకు తాళం కాదు. అందుకే ఇంట్లో అడుగుపెట్టగానే గన్ తాళం పెట్టెలోకి వెళ్లిపోతుంది.

చివరికి...

పార్సిల్ వెనక్కి పంపేశాను. నేను కొనే రేటుకి 160 డాలర్లంటే సుమారు 600 ప్రాక్టీసు తూటాలు. కొంత డబ్బు వాటికి, మిగతాది అదే డ్రిల్ మళ్లీ చేయించే క్లాసుకి. రోజూ రాత్రి పది నిమిషాలు ఖాళీ గన్‌తో సాధన. ట్రిగ్గర్ లాగడం కాదు, గన్ తీసి వేలు బయటే ఉంచడం. ఫోన్ ఎదురుగా పెట్టి రికార్డు చేస్తాను. నా మాట నేను నమ్మడం మానేశాను, వీడియోనే నమ్ముతున్నాను.

మీలో ఎవరికైనా చట్టబద్ధంగా గన్ ఉండి, ఇదే ఆలోచన వస్తే ఒక్క సలహా. పార్ట్ కొనేముందు డమ్మీ తూటాల పరీక్ష చేయించుకోండి. ఒత్తిడిలో మీ వేలు ఎక్కడుంటోందో వీడియో తీయించుకోండి. అప్పటికీ ట్రిగ్గర్‌దే తప్పని తేలితే, మీ మోడల్ తెలిసిన గన్‌స్మిత్ చేత పని చేయించండి.

ఆదివారం భోజనాల దగ్గర నాన్నకి ఈ కథంతా చెప్పాను. ఆయన పప్పన్నం కలుపుకుంటూ విని, ఒక్కటే అడిగారు.

"ఆ బొమ్మ చేతిలో ఉన్నది ఏ ఫోన్ రా?"

"తెలీదు నాన్నా. అంతసేపు చూడలేదు."

"చూడ్డానికి టైమ్ పడుతుంది కదా మరి," అన్నారు నెయ్యి గిన్నె నా వైపు జరుపుతూ.