ఘనీకృత గేదె వీర్యంలో ఆక్సీకరణ ఒత్తిడి

కరీంనగర్, నంద్యాల వంటి ఘనీకృత వీర్య కేంద్రాల్లో ముర్రా దున్నల నుంచి సేకరించిన వీర్యాన్ని పలుచన చేసి, సన్నని నాళికల్లో నింపి, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవ నత్రజనిలో భద్రపరుస్తారు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం 0.25 మిల్లీలీటర్ల నాళికలో 2 కోట్ల శుక్రకణాలు ఉండాలి. కరిగించిన తరువాత వాటిలో కనీసం సగం ముందుకు కదలాలి. అయితే ఈ పరీక్షలో నెగ్గిన వీర్యమంతా ఒకే విధంగా చూడి కట్టించదు. దీనికి గల కారణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి ముఖ్యమైనది. సూక్ష్మదర్శినిలో దాని ప్రభావం పూర్తిగా కనిపించదు.

శుక్రకణం శక్తి కోసం ఆక్సిజన్‌ను వినియోగించుకొనేటప్పుడు కొంత భాగం సూపర్ ఆక్సైడ్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. వీటి నుంచి పుట్టే చురుకైన రూపాలు కణపొరలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలను చెరుపుతాయి. చెడిన అణువు పక్క అణువును చెరుపుతుంది. నిల్వ నూనె ముక్కిపోయేదీ ఇదే చర్య వల్ల. గేదె శుక్రకణాల పొరలో ఈ కొవ్వు ఆమ్లాలు అధికం కనుక, ఆవు జాతి వీర్యం కన్నా అవి శీతలీకరణను తక్కువగా తట్టుకొంటాయి. పైగా శుక్రకణంలో కణద్రవ్యం అత్యల్పం. చెడిన భాగాన్ని బాగుచేసుకొనే శక్తి దానికి దాదాపు లేదు. దాని రక్షణ చాలావరకు వీర్యద్రవంలోని ప్రతిఆక్సీకారకాలదే. పలుచన చేసే ద్రావణం ఆ రక్షణను కూడా పలుచన చేస్తుంది. ఎద్దు వీర్యంపై 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఒక్కసారి గడ్డకట్టించి కరిగించిన తరువాత శుక్రకణాల్లోని గ్లుటాథయోన్ 78 శాతం తగ్గింది.

చనిపోయిన శుక్రకణాలు ఊరక ఉండవు. వాటి నుంచి వెలువడే ఒక ఎంజైము, ద్రావణంలో కలిపిన గుడ్డు పచ్చసొనలోని కొన్ని అమైనో ఆమ్లాలను ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. అది పక్కనున్న సజీవ కణాల్లోకి సులభంగా చొరబడి కదలికను ఆపుతుంది. కాబట్టి మృతకణాలు ఎక్కువగా ఉన్న వీర్యాన్ని గడ్డకట్టించక ముందే తొలగించడం, తరువాత ఎన్ని రక్షక పదార్థాలు కలిపినా దానికన్నా మేలు.

విటమిన్ ఇ, విటమిన్ సి, గ్లుటాథయోన్, టారిన్, ట్రెహలోజ్ వంటివి కలిపినప్పుడు కరిగించిన వీర్యంలో కదలిక, కణపొర స్థితి మెరుగుపడినట్లు అనేక ప్రయోగాలు చూపాయి. మోతాదు మించితే ఫలితం తారుమారవుతుంది. ఇనుము వంటి లోహాల సమక్షంలో విటమిన్ సి తానే ఆక్సీకరణను ప్రేరేపించగలదు. అంతేకాక, అండంతో కలవడానికి శుక్రకణం సిద్ధమయ్యే దశలో ఈ చురుకైన ఆక్సిజన్ రూపాలు స్వల్ప పరిమాణంలో అవసరం. వాటిని సమూలంగా తుడిచివేయడం మంచిది కాదు.

రైతుకు అసలు నష్టం వేరొక చోట ఉంది. డి.ఎన్.ఎ. దెబ్బతిన్న శుక్రకణం చక్కగా ఈదగలదు, అండాన్ని ఫలదీకరించనూ గలదు; కాని పిండం తొలి వారాల్లోనే నశించవచ్చు. గేదెల్లో మూగ ఎద సాధారణం కనుక, చూడి కట్టిందనుకొన్న పశువు ఖాళీగా ఉన్నట్లు ఆలస్యంగా తెలుస్తుంది. ఒక్క ఎద తప్పితే సుమారు 21 రోజులు, మేత ఖర్చు, పాల దిగుబడి కోల్పోయినట్లే. అందుచేత కదలికతో పాటు కణపొర దృఢత్వాన్ని, కొవ్వు ఆక్సీకరణకు గుర్తయిన మాలాన్‌డైఆల్డిహైడ్‌ను, డి.ఎన్.ఎ. స్థితిని కనీసం ఆంబోతుల ఎంపిక దశలోనైనా పరీక్షించడం అవసరం.

కేంద్రంలో ఎంత జాగ్రత్త వహించినా, గ్రామంలో నాళికలను కంటైనరు మెడ దాటి పైకి ఎత్తి వెదికితే లోపలి మంచు స్ఫటికాలు పెరిగి కణపొరలు చిరుగుతాయి. ఎత్తిన నాళికను వెంటనే 37 డిగ్రీల నీటిలో 30 సెకండ్లు ఉంచి కరిగించి, తుడిచి, ఆలస్యం చేయకుండా వినియోగించాలి.