జిమ్ సభ్యత్వం మధ్యలో రద్దు చేసుకుంటే: వినియోగదారుడి హక్కులు

గత పాఠంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోని నిర్వచనాలను చదివారు. కాగితం మీద అవి తేటగానే కనిపిస్తాయి. చేతిలో రసీదు, ఎదురుగా మేనేజరు ఉన్నప్పుడు వాటిని ప్రయోగించడం వేరే సంగతి. అందువల్ల ఈ పాఠంలో కొత్త నిర్వచనాల జోలికి పోకుండా ఒకే ఒక లావాదేవీని మొదటి నుంచి చివరిదాకా పరిశీలిద్దాం. అది జిమ్ సభ్యత్వం.

ఈ ఉదాహరణనే తీసుకోవడానికి కారణం ఉంది. కిరాణా కొట్టులో డబ్బు ఇవ్వగానే సరుకు చేతికి వస్తుంది. జిమ్‌లో ఏడాది సేవకు డబ్బు మొదటిరోజే కట్టేస్తాం, సేవ మాత్రం రోజుకింత చొప్పున అందుతుంది. మిగిలిన కాలమంతా మన డబ్బు వాళ్ల దగ్గర, వాళ్ల మాట మన దగ్గర ఉంటాయి. పైగా ఒప్పంద పత్రం ముందే అచ్చయి ఉంటుంది. ధర గురించి కాస్త బేరమాడవచ్చు గాని షరతుల గురించి మాట్లాడే వీలుండదు. కోచింగ్ సెంటర్లు, ఆన్‌లైన్ కోర్సులు, పెళ్లి సంబంధాల సంస్థలు కూడా చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తాయి కనుక ఇక్కడ నేర్చుకున్నది అక్కడా పనికివస్తుంది.

వరంగల్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక యువతి ఏడాది సభ్యత్వానికి 24,000 రూపాయలు కట్టిందనుకుందాం. అదే జిమ్‌లో నెలనెలా కడితే నెలకు 3,500. రెండు నెలలు వెళ్లాక మానేయవలసి వచ్చింది. మిగిలిన డబ్బు అడిగితే రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించారు: చెల్లించిన రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు. ఆమెకు ఏమైనా వస్తుందా?

దీనికి జవాబు చెప్పేముందు ఆమెను ఒక ప్రశ్న అడగాలి. ఎందుకు మానేస్తున్నావమ్మా? కేసు బలమంతా ఆ జవాబులోనే ఉంటుంది.

మానేయడానికి కారణం ఏమిటి?

మొదట ఒక అపోహ తొలగించుకుందాం. కొన్న తర్వాత కొద్ది రోజుల్లో మనసు మారితే కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చని చాలామంది నమ్ముతారు. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పిన మాట కావచ్చు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో జిమ్ ఒప్పందాలకు ప్రత్యేక చట్టం ఉంది, అక్కడ అలాంటి గడువు నిజంగానే ఉంది. మన దేశంలో జిమ్ సభ్యత్వానికి అటువంటి గడువును ఏ కేంద్ర చట్టమూ ఇవ్వలేదు. ఒప్పంద పత్రంలోనే రాసి ఉంటే తప్ప, పొద్దున్నే లేవలేకపోతున్నాననే కారణంతో మొత్తం డబ్బు వెనక్కి అడిగే హక్కు లేదు. వినియోగదారుల చట్టం బలహీనుడికి అండగా ఉంటుంది గాని బద్ధకానికి కాదు.

కారణం జిమ్ వైపు ఉంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. చేరేటప్పుడు మహిళలకు వేరే సమయం, మహిళా శిక్షకురాలు ఉంటారని చెప్పి, రెండో నెలలో ఆ ఏర్పాటు ఎత్తేశారనుకోండి. లేదా బ్రాంచి మూసి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని మరో బ్రాంచికి వెళ్లమన్నారనుకోండి. ఇది సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం. ఒప్పందంలో ఇస్తామన్న నాణ్యతలో, తీరులో లోటు రావడం ఒక్కటే కాదు, తెలియజేయవలసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా ఆ నిర్వచనంలో ఉంది. బ్రాంచి మూసేస్తున్నామని తెలిసీ ఏడాది సభ్యత్వాలు అమ్మితే ఈ రెండోది వర్తిస్తుంది. చేర్చుకోవడానికి చెప్పిన మాటే అబద్ధమైతే, భారత కాంట్రాక్టు చట్టం, 1872 లోని సెక్షన్ 19 ప్రకారం ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మోసపోయిన పక్షానికి ఉంటుంది.

లోపమున్న సేవను ఆపి డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరిస్తే అది సెక్షన్ 2(47) కింద అన్యాయ వ్యాపార పద్ధతి కూడా అవుతుంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలని అక్కడ ఉంది. విద్యార్థులు ఈ 30 రోజుల నియమాన్ని తరచు తప్పుగా చదువుతారు. సేవలో లోపం ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. మనసు మారినవారికి వర్తించదు.

ఈ రెండింటికీ మధ్య మరో రకం ఉంది. ఎవరి తప్పూ లేదు, కాని కొనసాగడం కుదరదు. మోకాలికి ఆపరేషన్ అయింది, గర్భం వచ్చింది, బదిలీ అయింది. కరోనా కాలంలో అందరికీ ఇదే ఎదురైంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. జిమ్‌లు తెరవడానికి కేంద్రం మళ్లీ అనుమతించింది ఆగస్టు 5 నుంచి. ఆ నాలుగు నెలలకు పైగా కాలానికి సేవ అందలేదు, జిమ్ యజమానిది తప్పు కాదు. అలాంటప్పుడు పోయిన రోజులను గడువు చివర కలపడం ఇద్దరికీ న్యాయమైన మార్గం. అనారోగ్యం, బదిలీ విషయంలో చట్టంలో ప్రత్యేక నియమం లేదు. డాక్టరు సర్టిఫికెట్, బదిలీ ఉత్తర్వు జతచేసి, సభ్యత్వాన్ని కొంతకాలం నిలిపివేయమని గాని, మరొకరి పేరుకు మార్చమని గాని, మిగిలిన డబ్బు ఇమ్మని గాని రాతపూర్వకంగా అడగాలి. ఈ మూడింటినీ ఏకపక్షంగా కాదంటే అప్పుడు షరతు న్యాయమైనదా కాదా అనే ప్రశ్న వస్తుంది.

“తిరిగి ఇవ్వబడదు” అనే వాక్యానికి ఎంత బలం?

సంతకం పెట్టావు కదా అంటారు. సంతకానికి విలువ ఉంది, కాని అన్ని సంతకాలకూ ఒకే విలువ లేదు. ఈ సంగతి అర్థం కావడానికి జిమ్‌తో సంబంధం లేని ఒక పాత తీర్పు చూద్దాం. మౌలా బక్స్ అనే కాంట్రాక్టరు ఉత్తరప్రదేశ్‌లోని సైనిక కార్యాలయానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేస్తానని రెండు ఒప్పందాలు చేసుకుని 10,000 రూపాయలు, 8,500 రూపాయలు డిపాజిట్ కట్టాడు. సరఫరా సరిగా చేయలేదు. ఒప్పందంలో ఉన్నదే కదా అని ప్రభుత్వం డిపాజిట్ జప్తు చేసుకుంది. తప్పు కాంట్రాక్టరుదే. అయినా 1969లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని అడిగింది: మీకు జరిగిన నష్టమెంత? బంగాళాదుంపలు బజారులో వేరేచోట కొని ఉంటే ఎంత ఎక్కువ పెట్టారో లెక్క చూపవచ్చు. ఆ లెక్క చూపలేదు. అందువల్ల డబ్బు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 74కు ఇది ముఖ్యమైన వ్యాఖ్యానం. ఒప్పందంలో ఎంత మొత్తం రాసినా, దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని మళ్లీ వివరించింది.

ఇదే ఆలోచన వినియోగదారుల చట్టంలోకి సెక్షన్ 2(46) రూపంలో వచ్చింది. అవతలి పక్షానికి కలిగిన నష్టంతో ఏ మాత్రం పొంతనలేని జరిమానా వేసే ఒప్పందం, వినియోగదారుడికి చేటు చేసే అసమంజసమైన షరతు పెట్టే ఒప్పందం, తగిన కారణం లేకుండా తామే రద్దు చేసుకునే హక్కు ఉంచుకున్న ఒప్పందం “అన్యాయ ఒప్పందాలు”. మీ జిమ్ పత్రం తీసి చూడండి. “యాజమాన్యం ఎప్పుడైనా, కారణం చూపకుండా సభ్యత్వం రద్దు చేయవచ్చు” అనే వాక్యం దొరికితే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇక్కడ పరీక్షలో మాత్రమే కాక నిజ జీవితంలోనూ చాలామంది తడబడే విషయం ఒకటి ఉంది. ఒక షరతును అన్యాయమైనదని ప్రకటించి దాన్ని చెల్లకుండా చేసే అధికారాన్ని చట్టం రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు ఇచ్చింది. జిల్లా కమిషన్‌కు ఆ అధికారాన్ని విడిగా ఇవ్వలేదు. ఇరవై వేల రూపాయల కోసం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలా? అవసరం లేదు. 2019లో పయనీర్ అర్బన్ కేసులో, ఒక ఫ్లాటు కొనుగోలుదారు విషయంలో, బిల్డరు రాసుకున్న ఏకపక్ష షరతులను ఒప్పందంలో చేర్చడమే అన్యాయ వ్యాపార పద్ధతి అని సుప్రీంకోర్టు చెప్పింది. అన్యాయ వ్యాపార పద్ధతి మీద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కనుక ఫిర్యాదులో షరతును చెల్లనిదిగా ప్రకటించమని కాక, సేవాలోపం, అన్యాయ వ్యాపార పద్ధతి ఆధారంగా డబ్బు ఇప్పించమని కోరాలి. కోరే తీరులోనే సగం పని ఉంది.

ఎంత రావాలి?

మన వరంగల్ ఉదాహరణకు వద్దాం. ఏడాదికి 24,000 అంటే నెలకు 2,000. రెండు నెలలు వాడింది కనుక 4,000 పోగా 20,000 రావాలని ఆమె లెక్క. జిమ్ మేనేజరు లెక్క వేరు. ఏడాది ఉంటుందనే కదా తగ్గింపు ఇచ్చాం, రెండు నెలలకు నెలవారీ ధర 7,000 పట్టుకుంటాం అంటాడు. అప్పుడు 17,000 వస్తుంది.

ఈ రెండింటిలో ఏది సరైనదో చట్టం సూత్రంగా చెప్పలేదు. నా అభిప్రాయంలో తప్పు జిమ్‌దైతే మొదటి లెక్క, ఆమె తన అవసరం కోసం మానితే రెండో లెక్క న్యాయం. రెండో పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఏడు నెలలు వాడాక మానితే నెలవారీ ధర చొప్పున 24,500 అవుతుంది, కట్టిందే 24,000. ఇక రావలసిందేమీ లేదు. స్వంత కారణంతో మానేవారు ఆలస్యం చేసినకొద్దీ నష్టపోతారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ వెళ్లకుండా ఉండిపోయిన నెలలను వాడనివిగా నిరూపించడం కష్టం.

జిమ్ చేసే మరో వాదన, సీటు మీకోసం ఉంచాం కదా అని. కోచింగ్ తరగతిలో సీట్లు పరిమితం కనుక అక్కడ ఈ వాదనలో కొంత పస ఉండవచ్చు. ట్రెడ్‌మిల్ దగ్గర ఒకరు తగ్గితే మరొకరు ఎక్కుతారు. మౌలా బక్స్ ప్రశ్ననే ఇక్కడా అడగాలి: మీకు జరిగిన నష్టమెంత, లెక్క ఏది?

డబ్బు ఏ దారిన వెళ్లింది?

యూపీఐ ఆటోపే లేదా కార్డు ద్వారా నెలనెలా కోత పడుతుంటే ముందు ఆ అనుమతిని యాప్‌లోనో బ్యాంకులోనో రద్దు చేయాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కోతకు 24 గంటల ముందు సమాచారం రావాలి. చేరడం ఒక్క నొక్కుతో, మానడం మాత్రం ఫోన్ల మీద ఫోన్లు చేస్తే గాని కానట్టు యాప్ తయారుచేస్తే, అది 2023 నవంబరు 30న నోటిఫై అయిన మార్గదర్శకాలు నిషేధించిన 13 మోసపూరిత పద్ధతుల్లో ఒకటైన చందా ఉచ్చు కిందికి వస్తుంది.

ఈఎంఐ అయితే జాగ్రత్త. జిమ్ కౌంటరు దగ్గర ఫోనులో ఓటీపీ చెప్పించుకుని ఇచ్చేది చాలాసార్లు ఒక ఫైనాన్స్ సంస్థ అప్పు. జిమ్‌తో ఒప్పందం ఒకటి, అప్పు ఒప్పందం మరొకటి. జిమ్ మూతపడిందని వాయిదాలు ఆపేస్తే మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. అయితే ఒక విచిత్రం ఉంది. సభ్యత్వానికి లేని మనసు మార్చుకునే గడువు డిజిటల్ అప్పుకు ఉంది. ఆ కొద్దిపాటి గడువులోగా అసలు, అన్ని రోజులకు అయ్యే ఖర్చు కట్టేసి జరిమానా లేకుండా అప్పు నుంచి బయటపడవచ్చు. ఎన్ని రోజులో అప్పు వివరాల పత్రంలో రాసి ఉండాలి.

ఫిర్యాదు

నోటి మాటగా చెప్పి వచ్చేస్తే లాభం లేదు. తేదీ, కారణం, అడిగే మొత్తం, లెక్క రాసి ఈ-మెయిల్‌లో గాని రిజిస్టర్డ్ పోస్టులో గాని పంపాలి. రసీదు, ప్రకటన కరపత్రం, చేరేటప్పుడు సేల్స్ ఉద్యోగి పంపిన వాట్సాప్ సందేశాలు భద్రపరచాలి. నోటితో ఇచ్చిన హామీకి ఆ సందేశమే సాక్ష్యం. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అది రాజీకి ప్రయత్నిస్తుంది, ఆదేశం ఇవ్వలేదు. ఆదేశం కావాలంటే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల్లోగా దాఖలు చేయాలి. 3 నెలల్లో తేల్చాలని చట్టం ఆశిస్తుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువ పడుతుందని తెలిసే వెళ్లండి.

పత్రంలో “వివాదాలు బెంగళూరు కోర్టుల పరిధిలోనే” అని ఉన్నా బెదరనక్కరలేదు. సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదీ నివసించే చోట, పనిచేసే చోట కూడా ఫిర్యాదు చేయవచ్చు. మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే షరతు కూడా వినియోగదారుల కమిషన్ తలుపు మూయదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అభ్యాసం: కాకినాడలో ఉండే ఒక విద్యార్థి 18,000 రూపాయలతో ఏడాది సభ్యత్వం తీసుకున్నాడు. నెలవారీ ధర 2,500. నాలుగో నెల చివర జిమ్ యాజమాన్యం సాయంత్రం వేళలు ఎత్తేసింది. అతడు పగలు ఉద్యోగం చేస్తాడు, చేరేటప్పుడు ఆ సంగతి వాట్సాప్‌లో చెప్పాడు. అతడికి రావలసిన మొత్తాన్ని రెండు పద్ధతుల్లో లెక్కకట్టి, మీరు ఏది కోరతారో, ఏ సెక్షన్ల ఆధారంగా కోరతారో ఒక పేజీకి మించకుండా నోటీసు రూపంలో రాయండి.