అంబాసిడర్ గొంతు బొంగురుపోతే

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు వర్ధన్నపేట, రాయపర్తి దాటి తొర్రూరు మీదుగా మరిపెడ వైపు సాగుతుంది. ఇప్పుడది 563వ నంబరు జాతీయ రహదారి. ఒకప్పుడు ఈ దారిన పెళ్లికొడుకు వచ్చినా, పెద్దాఫీసరు వచ్చినా, ఓట్లడిగే నాయకుడు వచ్చినా అంబాసిడర్‌లోనే. 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయాక కొత్త బండి రావడం నిలిచిపోయింది. ఉన్నవాటిలో కొన్ని తుక్కుకు పోయాయి, కొన్ని రేకుల షెడ్ల కింద టార్పాలిన్ కప్పుకుని మిగిలాయి. తాత కారును మళ్లీ రోడ్డెక్కించాలని ముచ్చటపడే మనవళ్లు ఇంజిన్‌కు బోరు చేయిస్తారు, డెంటింగ్, పెయింటింగ్ చేయిస్తారు, సీట్లకు కొత్త కవర్లు కుట్టిస్తారు. అన్నీ అయ్యాక ఆఖరున రేడియో స్విచ్ తిప్పుతారు. పాట రాదు, గరగర వస్తుంది.

చాలామంది ఆ గరగర రేడియోదే అనుకుంటారు. పాత సెట్టును పీకి పడేసి, ఆ చోట రంగురంగుల లైట్ల కొత్త స్టీరియో పెట్టిస్తారు. అసలు రోగం స్పీకర్‌ది అయ్యుండొచ్చని తోచేసరికి డ్యాష్‌బోర్డుకు కొత్త కోత పడిపోయి ఉంటుంది. అతికించినా దాగని కోత అది.

కారు రేడియో కథ అమెరికాలో 1930లో ఊపందుకుంది. గాల్విన్ సోదరుల కంపెనీ ఆ ఏడాది కార్లకు పెట్టే రేడియోను ‘మోటరోలా’ పేరుతో అమ్మకానికి తెచ్చింది. ఆ పేరే తర్వాత కంపెనీ పేరైంది. వాల్వులు పోయి పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియోను 1955లో క్రైస్లర్ కార్ల కోసం ఫిల్కో కంపెనీ తయారు చేసింది. మన దగ్గర రేడియో ఉంటే దానికి లైసెన్సు ఉండాలి, ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టాలి. 1980ల మధ్య వరకూ ఇదే పద్ధతి. పైగా చాలా అంబాసిడర్లు, ఫియట్లు రేడియో లేకుండానే ఇంటికొచ్చేవి. ఫిలిప్స్‌దో మర్ఫీదో వేరేగా కొని షాపులో బిగించుకునేవారు. అందువల్ల ఏ రెండు బండ్లూ ఒక్క తీరుగా ఉండవు. ఒకదాంట్లో స్పీకర్ డ్యాష్‌బోర్డు జాలీ వెనక ఉంటే, మరోదాంట్లో డ్యాష్ కింద వేలాడుతుంది, ఇంకోదాంట్లో వెనక సీటు పైని పలక మీద కూర్చుంటుంది. విప్పి చూడకుండా కొత్త స్పీకర్ కొనడం డబ్బు దండగ.

విప్పితే కనిపించేది చాలా సాదా వస్తువు. ఇనుప చట్రం, వెనక అయస్కాంతం, దాని సందులో సన్నటి రాగి తీగ చుట్టిన వాయిస్ కాయిల్, ఆ కాయిల్‌కు అతికిన కాగితపు కోన్. రేడియో పంపే కరెంటు కాయిల్‌ను ముందుకూ వెనక్కూ కదిలిస్తుంది, కోన్ గాలిని కదిలిస్తుంది. 1925లో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజినీర్లు వివరించిన ఈ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. స్పీకర్‌కు మన ఎండే పెద్ద శత్రువు. డ్యాష్‌బోర్డులోని స్పీకర్ ఉండేది ముందు అద్దం కింద. బయట నలభై డిగ్రీలు దాటిన రోజున తలుపులన్నీ మూసిన కారులో డ్యాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఏళ్ల తరబడి ఆ వేడికి కాగితం పెళుసెక్కుతుంది, జిగురు వదులుతుంది, అంచున నురుగు రబ్బరు ఉంటే పొడిగా రాలిపోతుంది. షెడ్డులో నిలిచిన బండికి ఎలుకల బెడద అదనం.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. స్పీకర్ వైర్లు రేడియో నుంచి విప్పి, ఒక పెన్సిల్ సెల్లును క్షణం పాటు తాకించాలి. ‘టక్’ మని చప్పుడొచ్చి కోన్ కదిలితే కాయిల్ బతికే ఉంది. ఆ తర్వాత రెండు చేతుల వేళ్లతో కోన్‌ను అన్ని వైపులా సమంగా, మెల్లగా లోపలికి నొక్కాలి. గీరుకున్న చప్పుడొస్తే కాయిల్ పక్కకు ఒరిగిందనో, సందులో తుప్పు చేరిందనో అర్థం. రెండు పరీక్షలూ నెగ్గి, కోన్‌కు సన్నటి చీలిక మాత్రమే ఉంటే స్పీకర్ మార్చే పనే లేదు. పలచటి టిష్యూ కాగితం ముక్కను నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికిస్తే ఆ చీలిక ఏళ్ల తరబడి నిలుస్తుంది.

కాయిల్ కాలిపోయినా దారి ఉంది. డీజే స్పీకర్లు, మైక్‌సెట్లు ఉన్నంత కాలం కాయిల్ మార్చేవాళ్లకు, కోన్ వేసేవాళ్లకు పని ఉంటుంది. వినాయక చవితికీ బతుకమ్మకూ ఊరూరా మోగే పెద్ద పెట్టెల్లో ఏటా ఎన్నో కాయిళ్లు కాలుతుంటాయి. పదిహేనంగుళాల స్పీకర్‌కు కోన్ వేసే చేతికి ఆరంగుళాలది బరువేమీ కాదు, కాకపోతే ఆ కొలత కోన్ దొరకాలి. దొరకకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా పోవాలి. ఎలక్ట్రానిక్ సామానుకు పేరుపడ్డ గల్లీ అది.

ఇక కొత్తది కొనక తప్పదనుకుంటే మొదట చూడాల్సింది ఓమ్‌లు. మెకానిక్కులు సాధారణంగా పట్టించుకోనిదీ, పాత రేడియోల ప్రాణం తీసేదీ ఇదే. ఇప్పటి కారు స్పీకర్లు దాదాపు అన్నీ 4 ఓమ్‌లవి. పాత సెట్లలో 3, 8 ఓమ్‌లవి ఉండేవి. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లకు వచ్చిన డెల్కో రేడియోలకైతే 10 ఓమ్‌ల స్పీకర్లు పెట్టేవారు. 8 ఓమ్‌లు అడిగే రేడియోకు 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే దాని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ మీద రెట్టింపు కరెంటు భారం పడుతుంది. అప్పటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లకు ఒక చెడ్డ గుణం ఉంది: వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి, లాగేకొద్దీ ఇంకా వేడెక్కుతాయి. కొత్త స్పీకర్ బ్రహ్మాండంగా మోగుతోందని మురిసిపోతుండగానే రేడియో మూగబోతుంది.

పాత స్పీకర్ మీద అంకె చెరిగిపోతే మల్టీమీటర్ చెబుతుంది. 4 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో 3, మూడున్నర మధ్య చూపిస్తుంది, 8 ఓమ్‌లది ఆరు, ఏడు మధ్య. కాయిల్ తెగి మీటర్ ఏమీ చూపకపోతే రేడియో మీది లేబుల్ చూడాలి. 8 ఓమ్‌లది దొరక్కపోతే రెండు 4 ఓమ్‌ల స్పీకర్లను ఒకదాని వెనక ఒకటిగా, సిరీస్‌లో కలిపితే సరిపోతుంది. ఇంకో జాగ్రత్త: స్పీకర్ వైర్లు ఊడి ఉన్నప్పుడు ‘రేడియో వస్తుందో లేదో చూద్దాం’ అని స్విచ్ వేయకూడదు. ముఖ్యంగా వాల్వు సెట్లలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

తర్వాతది కొలత. పొడవు, వెడల్పు అందరూ కొలుస్తారు, లోతు మరుస్తారు. పాత స్పీకర్ల అయస్కాంతం చిన్నది. ఇప్పటి ఫెర్రైట్ అయస్కాంతం వెడల్పుగా, లావుగా ఉండి డ్యాష్ వెనక వైపర్ కడ్డీలకో వైర్ల కట్టకో తగులుతుంది. పలచటి నియోడిమియం అయస్కాంతం ఉన్నది తీసుకుంటే ఆ గొడవ తగ్గుతుంది. బోల్టు రంధ్రాలు కలవకపోతే రేకుకు డ్రిల్ పెట్టొద్దు. ప్లైవుడ్‌తో ఒక రింగు కోయించి, దానికి స్పీకర్ బిగించి, ఆ రింగును పాత రంధ్రాలకే బిగించాలి. రింగుకూ రేకుకూ మధ్య నురుగు పట్టీ వేస్తే రేకు అదరదు, స్పీకర్ వెనక గాలి ముందుకు వచ్చి ధ్వనిని చంపదు. ట్వీటర్లు తగిలించిన ఖరీదైన స్పీకర్ మీడియం వేవ్ రేడియోకు దండగ. ఆ ప్రసారంలో దాదాపు 5 వేల హెర్ట్జ్‌కు పైన ఏమీ రాదు, వచ్చేది బుస్సుమనే రొద మాత్రమే. సాదా కాగితపు కోనే అక్కడ నయం. జాలీ పైకి తిరిగి ఉంటే ధ్వని ముందు అద్దానికి తగిలి చెవికి చేరుతుంది, కాబట్టి మాట స్పష్టంగానే వినిపిస్తుంది.

ఇంత చేశాక వినడానికి ఏముంది అన్నది వేరే ప్రశ్న. తొర్రూరుకు దగ్గరి ఆకాశవాణి కేంద్రం వరంగల్‌ది. అది 103.5 ఎఫ్ఎంలో పలుకుతుంది. మీడియం వేవ్ మాత్రమే ఉన్న పాత సెట్టుకు ఆ స్టేషన్ అందదు. అందుకే కొందరు పాత రేడియో ముఖం, నాబులు అలాగే ఉంచి, లోపలో డ్యాష్ కిందో చిన్న బ్లూటూత్, ఎఫ్ఎం బోర్డు దాస్తారు. ఉపాయం మంచిదే, కానీ అందులో ఒక ఉచ్చు ఉంది. పాత పద్ధతిలో స్పీకర్ వైరు ఒకటి కారు బాడీకే తగిలించి ఉండేది. కొత్త బోర్డుల్లో చాలావాటికి స్పీకర్ వైరు ఏదీ బాడీని తాకకూడదు. తాకితే బోర్డు అక్కడికక్కడే కాలుతుంది. కాబట్టి రెండు వైర్లూ కొత్తగా లాగాలి. 1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. అంబాసిడర్ మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డే కనుక, తొలినాళ్ల బండి చేతికొస్తే ముందు బ్యాటరీ వైర్లు ఎటున్నాయో చూసుకోవాలి.

పాత బండి, స్పీకరు అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది ఎన్టీఆర్ చైతన్యరథం. 1982లో పాత షెవర్లే వ్యానును ప్రచార రథంగా మార్చారు. అది ఊరంతటికీ వినిపించడానికి చేసిన మార్పు. కారులో కూర్చున్న నలుగురికి వినిపించడానికి అంత హంగామా అక్కర్లేదు.

డ్యాష్‌బోర్డు కోయొద్దనడానికి ఇంకో కారణమూ ఉంది. 2021 జూలైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకూ కార్లకూ ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు 5 వేలు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌కో బాడీకో ఇంజిన్‌కో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. స్పీకర్ మార్చినంత మాత్రాన ఎవరూ కాదనరు. కానీ అలాంటి బండి చేతులు మారేటప్పుడు కొనేవాడి చూపు మొదట పడేది డ్యాష్‌బోర్డు మీదే. తీసిన పాత స్పీకర్‌ను, దాని బోల్టులతో సహా, బండి పేరు రాసిన కవరులో వేసి డిక్కీలో ఉంచితే బేరానికి అదీ పనికొస్తుంది.