సుడిగాలి వెళ్ళాక గాయంలో మిగిలినది



2011 మే 22, ఆదివారం సాయంత్రం అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని జాప్లిన్ పట్టణం మీద టోర్నడో అనే పెను సుడిగాలి విరుచుకుపడింది. గంటకు 320 కిలోమీటర్లకు మించిన వేగంతో, సుమారు మైలు వెడల్పున ఊరి మధ్యగా సాగింది. 158 మంది చనిపోయారు. వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. సైరన్ ముందే మోగింది. ఎప్పుడూ వినే మోతే గదా అని చాలామంది వెంటనే కదలలేదు. మన తీరంలో తుఫాను హెచ్చరికలు వినే తీరూ ఒక్కోసారి ఇంతే.

ఆ గాలి దారిలోనే కాథలిక్ సిస్టర్లు స్థాపించిన సెయింట్ జాన్స్ ఆసుపత్రి ఉంది. లోపల 183 మంది రోగులు. క్షణాల్లో కిటికీలు పగిలాయి, కరెంటు పోయింది, జనరేటర్లూ ఆదుకోలేదు. ఐదుగురు రోగులు, చూడవచ్చిన ఒకరు మరణించారు. మిగిలిన వారిని సిబ్బంది గంటన్నరలో చీకటి మెట్ల మీదుగా కిందికి దింపారు.

మేము ఇది రాయడానికి కారణం తర్వాత జరిగిన సంగతి. కొద్ది రోజులకే, శుభ్రం చేసి కట్టు కట్టిన కొందరి గాయాలు నల్లబడసాగాయి. అది మ్యూకర్‌మైకోసిస్. 2021లో కరోనా సమయంలో మనం బ్లాక్ ఫంగస్ అని భయపడినది ఈ కోవ జబ్బే. మన దగ్గర అది ముఖ్యంగా షుగరు ఉన్నవారిలో, స్టెరాయిడ్లు వాడినవారిలో ముక్కు నుండి కంటికి పాకింది. జాప్లిన్‌లో మాత్రం మట్టిలో ఉండే బూజు, చెక్కముక్కలతో పాటు నేరుగా కండలోకి దిగింది. 13 మందికి సోకితే ఐదుగురు చనిపోయారు. చచ్చిన కండను మళ్ళీ మళ్ళీ కోసి తీయడం, ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు, ఇదీ చికిత్స. ఒకరి నుండి ఒకరికి ఇది అంటదు.

మనకు టోర్నడోలు అరుదు. తుఫానుకు ఎగిరే రేకులు, విరిగే కొమ్మలు మాత్రం అరుదు కాదు. గాయం పైకి చిన్నదైనా లోపల పుల్ల, మట్టి ఉండవచ్చు. ధారాళంగా మంచినీళ్ళతో కడగండి. కాఫీ పొడి, పసుపు అద్దుకుని రావద్దు, ముందు వాటిని తీయడమే మాకు పెద్ద పని. లోతుగా దిగిన పుల్లను లాగకండి. టి.టి. ఇంజెక్షన్ అవసరమేమో అడగండి. మురికి గాయానికి డాక్టరు వెంటనే కుట్లు వేయకుండా నాలుగైదు రోజులు ఆగుదామంటే అది నిర్లక్ష్యం కాదు, లోపల చీము పట్టకుండా చూడటానికే. కట్టు కింద నొప్పి పెరిగినా, చర్మం నల్లబడినా ఆ రోజే రండి. షుగరు ఉంటే ఆ మాట ముందే చెప్పండి.