చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము

పొరుగుదేశమున పేదపిల్లలు బాధపడుచున్నారని విన్నప్పుడు ధనము, బట్టలు, మందులు పంపవలెనని మనకు మొదట తోచును. అవి అవసరములే. కాని పంపిన వస్తువు ఖర్చయిన పిదప ఆ యింట మిగులున దేమి? ఈ ప్రశ్నకు బంగ్లాదేశ్ చరిత్రలో మంచి సమాధాన మొకటి కలదు. దానినే శ్రోతలకు మనవి చేయదలచితిమి.

నదులతోను వరదలతోను నిండిన ఆ దేశమున పసిపిల్లలను బలిగొన్న వ్యాధులలో అతిసారము ముఖ్యమైనది. విరేచనములతో శరీరములోని నీరును, లవణములును పోవును. కండ్లు లోతుకు పోవును, నాలుక పిడచగట్టును, వ్యాధి తీవ్రమైనచో కొన్ని గంటలలోనే ప్రాణాపాయము కలుగును. రక్తనాళములోనికి సెలైను ఎక్కించినచో బిడ్డ బ్రతుకును. కాని వరదనీటి నడుమ నున్న పల్లెకు సెలైను ఎక్కించు వైద్యుడు ఎట్లు వచ్చును?

దీనికి ఉపాయము శరీరములోనే యున్నది. విరేచనములు అగుచున్నను చిన్నప్రేగు చక్కెరను పీల్చుకొనగలదు. చక్కెరతోపాటు ఉప్పును, ఉప్పు వెంట నీరును లోనికి పోవును. ఈ సూత్రముపై తయారైన ద్రావణమును త్రాగించి కలరా రోగులను కాపాడవచ్చునని 1968లో, నాటి తూర్పు పాకిస్తానులోని ఢాకా కలరా పరిశోధనాలయపు వైద్యులు నిరూపించిరి. 1971లో యుద్ధమువలన మనదేశమునకు తరలివచ్చిన కాందిశీకులలో కలరా చెలరేగెను. పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్‌లో సెలైను చాలనందున, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణమును పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగింపించిరి. నూటికి సుమారు 30గా నున్న మరణములు 4కు లోపుగా తగ్గెను.

మందు దొరికినది, అది ఇంటింటికి చేరుట మిగిలినది. 1972లో ఫజలే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ సంస్థ 1980లో ఈ పనికి పూనుకొనెను. పొట్లములకై ఎదురుచూడక, వంటయింటిలోని వస్తువులనే ఎన్నుకొనెను: మూడువ్రేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అరసేరు నీరు. మహిళా కార్యకర్తలు గడపగడపకు పోయి, తల్లిచేతనే ద్రావణమును కలిపించి చూచిరి. ఉప్పు మితిమీరినచో బిడ్డకు హాని కలుగును గనుక, కొలత చేతికి అలవడుట ముఖ్యము.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. కార్యకర్త ఎన్ని యిండ్లు తిరిగినదను లెక్కపై మాత్రమే వేతనము ఈయలేదు. కొంతకాలమునకు వేరొకరు వచ్చి, కొందరు తల్లులను ప్రశ్నించి, వారికి ఎంత జ్ఞాపకమున్నదో, ద్రావణమును ఎంత సరిగా చేయుదురో పరీక్షించిరి. వేతనము ఆ ఫలితమును అనుసరించెను. అయినను, నేర్చినవారందరును వెంటనే వాడలేదు. ఆ లోపమును కనుగొని, కార్యకర్తలకు మరల శిక్షణ నిచ్చి, ఇంటి పురుషులకు సైతము విషయము బోధించిరి. 1990 నాటికి 1 కోటి 20 లక్షలకు పైగా గృహములకు ఈ విద్య అందెను.

1970 ప్రాంతమున అచ్చట పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో 200కు పైగా అయిదేండ్లు నిండకమునుపే మరణించెడివారు. ఇటీవలి సంవత్సరములలో ఆ సంఖ్య సుమారు 30కి దిగినది. టీకాలు, స్త్రీవిద్య, కుటుంబ నియంత్రణము మున్నగునవియు దీనికి కారణములే. అయినను తల్లులు నేర్చిన ఈ చిన్న విద్య పాలు తక్కువది కాదు.

నేడు సరియైన పాళ్ళతో చేసిన ఓ.ఆర్.ఎస్. పొట్లములు దొరకుచున్నవి గనుక వానినే వాడుట మేలు. పాలుత్రాగు బిడ్డకు తల్లిపాలు మానరాదు. బిడ్డ త్రాగలేకున్నను, మగతగా నున్నను, విరేచనములో రక్తము కనబడినను తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

పేదపిల్లలకై మనము ఒక రూపాయి ఈయదలచినప్పుడు, అది ఆ తల్లికి ఏ విద్యను నేర్పునో విచారించుట ఉచితము. వస్తువును మరల మరల పంపవలెను. తల్లి నేర్చినది ఆమెతోనే యుండును, ఆమె కూతురికిని అందును.